కింజెల్ కట్టినవి, కొన్నవి

ఒహాయోలో డిక్ కింజెల్ పేరెత్తితే చాలు, వాదన మొదలవుతుంది. రోలర్ కోస్టర్ల పిచ్చి ఉన్నవాళ్ళకు ఆయన దేవుడు. క్లీవ్‌ల్యాండ్ శివారు ఆరోరా వాసులకు మాత్రం తమ పార్కుకు తాళం వేసినవాడు. నేనుండేది ఆ ఆరోరా పక్క ఊరు సోలన్‌లో. చేసేది అకౌంట్ల పని, జనవరి వచ్చిందంటే పన్ను రిటర్నులు. ఇరవై ఏళ్ళకు పైగా రెండు పక్షాల వాదనలూ వింటున్నాను. ఒకరు కోస్టర్ ఎత్తు కొలుస్తారు, మరొకరు మూసిన గేటు చూపిస్తారు. బ్యాలెన్స్ షీట్ తెరిచేవాళ్ళు మాత్రం కనిపించరు.

ఆయన పదవి దిగిపోయి చాలా కాలమైంది. అయినా ఇప్పుడు లెక్క తీయడానికి కారణం ఉంది. ఆయన పాతికేళ్ళు నడిపిన వినోద పార్కుల సంస్థ సీడర్ ఫెయిర్ 2024 జులైలో పోటీ సంస్థ సిక్స్ ఫ్లాగ్స్‌తో విలీనమైంది. 42 పార్కుల సంస్థ అయింది, నెత్తిన దాదాపు 500 కోట్ల డాలర్ల అప్పు పెట్టుకుంది. 2025 అక్టోబరులో జానా పార్ట్‌నర్స్ అనే ఇన్వెస్ట్‌మెంట్ సంస్థ, ఫుట్‌బాల్ ఆటగాడు ట్రావిస్ కెల్సీ తదితరులను కలుపుకొని, తమ చేతిలో తొమ్మిది శాతం దాకా వాటా ఉందని ప్రకటించింది. అదే ఏడాది డిసెంబరులో జాన్ రైలీ కొత్త సీఈవోగా వచ్చారు. ఏ పార్కు ఉంచాలి, ఏది అమ్మాలి, అప్పు ఎలా తీర్చాలి అని ఆయన ముందున్న ప్రశ్నలన్నీ ఒకప్పుడు కింజెల్ ముందుకూ వచ్చినవే.

మొదట ఆయన బాగా చేసిన పనులు చెప్పాలి. అవి చిన్నవి కావు.

కింజెల్ 1972లో సీడర్ పాయింట్ పార్కులో తిండి విభాగంలో చేరారు. ఈరీ సరస్సులోకి చొచ్చుకుపోయిన నేల మీద, సాండస్కీ ఊళ్ళో, 1870 నుంచీ ఉన్న పార్కు అది. 1978లో మిన్నెసోటాలోని వ్యాలీఫెయిర్‌కు జనరల్ మేనేజర్ అయ్యారు. 1986లో ఈ రెండు పార్కుల యజమాని సీడర్ ఫెయిర్ మొత్తానికీ అధిపతి అయ్యారు. హాట్‌డాగ్ కౌంటరు దగ్గర క్యూ ఎందుకు పెరుగుతుందో, ఎండ ఎక్కాక జనం ఎటు నడుస్తారో తెలిసిన మనిషి సీఈవో కుర్చీలో కూర్చోవడం ఈ వ్యాపారంలో పెద్ద బలం. ఆ బలం మొదటి పదిహేనేళ్ళ నిర్ణయాల్లో కనిపిస్తుంది.

1989 నాటి మాగ్నమ్ ఎక్స్‌ఎల్-200నే తీసుకోండి. యారో డైనమిక్స్ ఇంజనీర్లు గీసి తెచ్చింది 187 అడుగుల కోస్టర్. అంతవరకూ వచ్చాక 200 ఎందుకు దాటకూడదని కింజెల్ అడిగారు. చివరికి 205 అడుగులైంది. పూర్తి చుట్టు తిరిగే కోస్టర్లలో 200 అడుగులు దాటిన మొదటిది ప్రపంచంలో అదే. ఖర్చు 80 లక్షల డాలర్లు. పదమూడు అడుగులో, పద్దెనిమిది అడుగులో ఎక్కువ ఇనుము పోస్తే దేశమంతా పత్రికలు రాస్తాయని, ఆ రాతకు ప్రకటనల ఖర్చు ఉండదని లెక్క వేసిన బుర్ర అది. తర్వాత 1994లో రాప్టర్, 2000లో 310 అడుగుల మిలీనియం ఫోర్స్ వచ్చాయి. మిలీనియం ఫోర్స్‌కు రెండున్నర కోట్ల డాలర్లు పెట్టారు. ఇప్పటికీ దాని క్యూ తగ్గలేదు. ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులకు నయాగరా చూపించి, తిరుగుదారిలో సీడర్ పాయింట్‌కు తీసుకెళ్ళే తెలుగు కుటుంబాలను ఏ జులైలో వెళ్ళినా చూడొచ్చు. పెద్దవాళ్ళు చెట్టు నీడన బెంచీ మీద పులిహోర డబ్బాతో, పిల్లలు క్యూలో.

ఇంతగా పేరు రాని మరో నిర్ణయం నా దృష్టిలో ఇంకా గొప్పది. ఒహాయోలో పార్కు మే నెలలో తెరుస్తారు. సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డే దాటితే పిల్లలు బడికి పోతారు, గేటు దగ్గర జనం ఉండరు. 1997లో సీడర్ పాయింట్ అక్టోబరు వారాంతాల్లో హాలోవీన్ వేడుకలు మొదలుపెట్టింది. ఉన్న కోస్టర్లే, ఉన్న దుకాణాలే. కాస్త పొగ, కొన్ని అస్థిపంజరాలు, సీజన్‌కు అదనంగా కొన్ని వారాంతాలు. కొత్త ఇనుము పెద్దగా కొనకుండా ఆదాయం పెంచిన నిర్ణయమది. మా లెక్కల వాళ్ళకు ఇలాంటివే నచ్చుతాయి.

కొనుగోళ్ళు కూడా అప్పట్లో ఒక పద్ధతిలో సాగాయి. 1992లో పెన్సిల్వేనియాలో డార్నీ పార్క్, 1995లో కాన్సస్ సిటీలో వర్ల్డ్స్ ఆఫ్ ఫన్, 1997లో కాలిఫోర్నియాలో నాట్స్ బెర్రీ ఫామ్, 2001లో మిషిగన్స్ అడ్వెంచర్. ఒకటి కొని, దాన్ని అరిగించుకుని, తర్వాతే మరొకటి. మన వండర్లా కూడా ఇలాగే నడిచింది. 2000లో కొచ్చి, 2005లో బెంగళూరు, 2016లో గానీ హైదరాబాద్ రావిర్యాలకు రాలేదు. ఈ వ్యాపారంలో తొందరపడనివాడు చెడిపోవడం అరుదు.

దారి తప్పడం 2003లో మొదలైందంటాను. ఆ ఏడాది టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్ తెరిచారు. 420 అడుగులు, నాలుగు సెకన్లలో గంటకు 120 మైళ్ళు. సవారీ మొత్తం పదిహేడు సెకన్లు. ఖర్చు మళ్ళీ రెండున్నర కోట్లే. ప్రపంచ రికార్డు వచ్చింది గానీ యంత్రం తరచూ మొరాయించేది. రెండేళ్ళకే న్యూజెర్సీలో సిక్స్ ఫ్లాగ్స్ వాళ్ళు 456 అడుగుల కింగ్డా కా కట్టి రికార్డు లాక్కున్నారు. 2021లో డ్రాగ్‌స్టర్ నుంచి ఒక లోహపు ముక్క ఊడి, కింద వరసలో నిలబడిన మహిళకు తీవ్రంగా తగిలింది. దాన్ని మార్చి కట్టిన టాప్ థ్రిల్ 2ను 2024 మేలో తెరిచి, కొద్ది రోజులకే ఆపేసి, మళ్ళీ మరుసటి ఏడాది గానీ నడపలేకపోయారు. 2024 నాటి తప్పు కింజెల్‌ది కాదు. కానీ మాగ్నమ్ దగ్గర ఎత్తు అన్నది వ్యాపారానికి పనికొచ్చిన సాధనం. డ్రాగ్‌స్టర్ దగ్గరికి వచ్చేసరికి ఎత్తే గమ్యమైపోయింది.

ఇక జియాగా లేక్. ఇక్కడ కాస్త ఆగాలి.

ఆరోరా దగ్గర ఆ సరస్సు ఒడ్డు పంతొమ్మిదో శతాబ్దం నుంచీ విహార స్థలం. బిగ్ డిప్పర్ అనే కొయ్య కోస్టర్ 1925 నాటిది. అవతలి ఒడ్డున 1970 నుంచి సముద్ర జంతువుల పార్కు సీవరల్డ్ ఉండేది. సిక్స్ ఫ్లాగ్స్ ఈ ఒడ్డున పార్కు పెట్టుకుని, నాలుగు కొత్త కోస్టర్లు ఒకే ఏడాది దింపి, 2001లో 11 కోట్ల డాలర్లకు అవతలి సీవరల్డ్‌నూ కొని రెంటినీ కలిపేసింది. ఆ ఏడాది పాతిక లక్షలకు పైగా జనం వచ్చారు. తర్వాత సిక్స్ ఫ్లాగ్స్ అప్పుల్లో మునిగి, 2004 సీజన్ మొదలవబోతుండగా 14.5 కోట్ల డాలర్లకు మొత్తం సీడర్ ఫెయిర్‌కు అమ్మేసింది. జంతువులను మాత్రం తనతో తీసుకుపోయింది. బ్యాట్‌మన్, సూపర్‌మన్ పేర్లూ పోయాయి. సముద్ర జీవుల కోసం వచ్చేవాళ్ళకు చూడ్డానికేమీ మిగలలేదు. సీవరల్డ్ ఒడ్డున వాటర్ పార్కు కట్టారు. అయినా సీడర్ ఫెయిర్ చేతిలో ఉన్న నాలుగు సీజన్లలో ఏ ఏడాదీ సందర్శకుల సంఖ్య పది లక్షలు దాటలేదు.

సీడర్ పాయింట్ నుంచి అక్కడికి కారులో గంటన్నర. మార్కెట్ ఒకటే, క్లీవ్‌ల్యాండ్. ఆ దూరంలో పోటీ పార్కును కొనడానికి రెండే కారణాలుంటాయి: దాన్ని బాగుచేసి రెండో ఆదాయం తెచ్చుకోవడం, లేదా పోటీని తీసేయడం. మూసేయడానికే కొన్నారని ఆరోరాలో చాలామంది నమ్ముతారు. నేను నమ్మను. మూసేయదలచినవాడు అవతలి ఒడ్డున కొత్త వాటర్ పార్కు కట్టడు. బాగుచేయగలనన్న ధీమాతోనే కొన్నారు. బాగుచేయడానికి ఎంత కాలం, ఎంత డబ్బు పడుతుందో తెలుసుకోకుండా కొన్నారు. రెండేళ్ళకే పెద్ద వల మరోచోట వేసి, దీని మీద మనసు తీసేశారు. దురుద్దేశం కన్నా ఇది సీఈవోకు పెద్ద మచ్చ. దురుద్దేశమైతే కనీసం లెక్క కుదిరేది.

మూసిన తీరు చూడండి. 2007 సీజన్ సెప్టెంబరు 16న ముగిసింది. ఇక రోలర్ కోస్టర్లు తెరవబోమని చెప్పింది సెప్టెంబరు 21న. ఆఖరి రోజు ఇదని తెలిస్తే జనం వేలల్లో వచ్చేవాళ్ళు, టిక్కెట్ల ఆదాయమే ఇంకాస్త వచ్చేది. తాతల నాటి నుంచి ఎక్కిన కోస్టర్‌ను చివరిసారి ఎక్కే అవకాశం ఊరివాళ్ళకు దక్కలేదు. ఉక్కు కోస్టర్లు కొన్నింటిని విప్పి ఇతర పార్కులకు పంపించారు. ఎక్స్-ఫ్లైట్ అప్పటికే సిన్సినాటికి చేరింది. డామినేటర్ వర్జీనియాకు, థండర్‌హాక్ మిషిగన్‌కు వెళ్ళాయి. ఈ తరలింపు తెలివైనదే, ఒప్పుకోవాలి. బిగ్ డిప్పర్‌ను మాత్రం 2008లో వేలం వేస్తే 5,000 డాలర్లు పలికింది. ఎనిమిదేళ్ళు తుప్పూ తీగా పట్టి నిలబడి, 2016లో నేలకూలింది. అదే ఏడాది వాటర్ పార్కూ మూతపడింది. ఆ నేల మీద ఇప్పుడు ఇళ్ళు లేస్తున్నాయి.

ఆ రెండో వల పారామౌంట్ పార్కులు. 2006 జూన్ 30న, సీబీఎస్ నుంచి, 124 కోట్ల డాలర్లకు కొన్నారు. టొరంటో దగ్గర కెనడాస్ వండర్‌ల్యాండ్, సిన్సినాటి దగ్గర కింగ్స్ ఐలాండ్, వర్జీనియాలో కింగ్స్ డొమినియన్, షార్లెట్ దగ్గర కెరోవిండ్స్, బే ఏరియా తెలుగువాళ్ళందరికీ తెలిసిన శాంటాక్లారాలోని గ్రేట్ అమెరికా. ఒక్క దెబ్బకు ఐదు. అంతకుముందు ఏడాది సీడర్ ఫెయిర్ మొత్తం ఆదాయం సుమారు 57 కోట్ల డాలర్లు. లాభం కాదు, ఆదాయం.

ఆ వేసవిలో మా మామగారు తెనాలి నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్నారు. సహకార బ్యాంకులో మేనేజర్‌గా రిటైరైన మనిషి. పేపర్లో ఈ వార్త చదివి వినిపిస్తే అద్దాలు సరిచేసుకుని అడిగారు: “అమ్మాయ్, ఆ పార్కులు ఏడాదికి ఎన్ని నెలలు నడుస్తాయి?”

“ఐదు నెలలు మామయ్యగారూ, అదీ సగం వారాంతాలే. కాలిఫోర్నియావి మాత్రం ఇంకాస్త ఎక్కువ.”

“మరి వానలు పడితే వాయిదా ఎవరు కడతారు?”

నేనెన్నో విశ్లేషణలు చదివాను. ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. ఐదు నెలల పంట మీద పన్నెండు నెలల వడ్డీకి సంతకం పెట్టడమే అది. తొమ్మిది రోజులకే, జులై 9న, కింగ్స్ ఐలాండ్‌లో సన్ ఆఫ్ బీస్ట్ అనే కొయ్య కోస్టర్ మీద ప్రమాదం జరిగి 27 మంది గాయపడ్డారు. కట్టింది పాత యజమాని, ఇబ్బంది కొత్త యజమానికి. పారామౌంట్ సినిమా పేర్లు కూడా ఎల్లకాలం వాడుకోవడానికి లేదు. టాప్ గన్ పేరు ఫ్లైట్ డెక్ అయింది, టూంబ్ రైడర్ ది క్రిప్ట్ అయింది. పిల్లల విభాగంలో నికెలోడియన్ బొమ్మలు పోయి 2010లో స్నూపీ వచ్చింది. పేరు మార్చిన ప్రతిచోటా బోర్డులూ, రంగులూ ఖర్చే.

ఇక్కడ సీడర్ ఫెయిర్ స్వరూపం గురించి కొంచెం చెప్పాలి. అప్పట్లో అది మామూలు కంపెనీ కాదు, 1987 నుంచి న్యూయార్క్ స్టాక్ ఎక్స్చేంజిలో ఉన్న పార్ట్‌నర్‌షిప్. షేర్ల బదులు యూనిట్లు. కార్పొరేట్ పన్ను చాలావరకు తప్పేది. వచ్చిన నగదులో పెద్ద భాగం మూడు నెలలకోసారి యూనిట్లున్నవాళ్ళకు పంచేవారు. నా దగ్గరికి రిటర్నులకు వచ్చే తెలుగువాళ్ళలో కొందరు ఈ పంపకం కోసమే ఆ యూనిట్లు కొన్నారు. మార్చిలో పార్ట్‌నర్‌షిప్ పంపే కే-1 పన్ను ఫారం పట్టుకొచ్చి ఇదేమిటని అడిగేవారు. అయితే నగదంతా పంచే సంస్థకు అప్పు అసలు తీర్చే అలవాటు ఉండదు. ఆ అలవాటు లేని సంస్థ నెత్తిన కింజెల్ సుమారు 170 కోట్ల డాలర్ల అప్పు పెట్టారు. పంపకం ఆపితే యూనిట్ ధర పడిపోతుంది, ఆపకపోతే అప్పు తరగదు. 2008లో మాంద్యం వచ్చింది. 2008లో దాదాపు 100 కోట్లున్న ఆదాయం మరుసటి ఏడాదికి 92 కోట్లకు దిగింది. 2008లో యూనిట్‌కు 1.92 డాలర్లు పంచినవాళ్ళు 2010లో పంచింది 25 సెంట్లు.

మాంద్యం ఆయన తెచ్చింది కాదు కదా అంటారు అభిమానులు. నిజమే. సిక్స్ ఫ్లాగ్స్ 2009లో దివాలా పిటిషన్ వేసింది, సీడర్ ఫెయిర్ ఆ గడప తొక్కలేదు. ఇది కింజెల్ ఖాతాలో వేయాల్సిన మార్కే. ఆ కష్టకాలంలోనూ 2009లో కింగ్స్ ఐలాండ్‌లో డైమండ్‌బ్యాక్ కట్టారు, పార్కులు శుభ్రంగా ఉంచారు. నిర్వహణ తెలిసినవాడు కనుకనే సంస్థ నిలిచింది. కానీ మాంద్యం ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు గనుకే అప్పుకు హద్దు పెట్టుకుంటారు. తెలియకపోవడం ఇక్కడ సాకు కాదు.

నేను క్షమించలేనిది ఆ తర్వాతి అడుగు. 2009 డిసెంబరులో అపోలో గ్లోబల్ మేనేజ్‌మెంట్ అనే ఇన్వెస్ట్‌మెంట్ సంస్థకు యూనిట్ 11.50 డాలర్ల చొప్పున సంస్థను అమ్మేయడానికి కింజెల్, బోర్డు ఒప్పుకున్నారు. అంతకు మూడేళ్ళ ముందు అదే యూనిట్ ధర దానికి రెట్టింపు కన్నా ఎక్కువ. ఖరీదు రోజుల్లో అప్పు చేసి కొన్న మనిషి, అగ్గువ రోజుల్లో ఇతరుల ఆస్తిని అమ్మబోయారు. అమ్మకానికి మూడింట రెండు వంతుల యూనిట్ల ఓటు కావాలి. టెక్సస్‌కు చెందిన క్యూ ఫండింగ్ అనే పెద్ద వాటాదారు అడ్డం తిరిగింది. ఓట్లు రావని తేలడంతో 2010 ఏప్రిల్‌లో ఒప్పందం రద్దు చేసుకున్నారు. 2017లో యూనిట్ ధర 60 డాలర్లు దాటింది. సంస్థను కాపాడింది సీఈవో కాదు, బోర్డు కాదు, వద్దని ఓటేయడానికి సిద్ధపడినవాళ్ళు.

అదే 2010లో సీవోవో జాక్ ఫాల్ఫాస్‌ను కింజెల్ సాగనంపారు. రెండు నిమిషాలు కూడా సాగని ఫోన్ మాటల్లో తేల్చేశారు. ఆయన రాజీనామా చేశారని సంస్థ, తీసేశారని ఆయన. గొడవ ఒహాయో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2014లో ముగిసింది. ఆయనను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవాలని సంస్థను బలవంతపెట్టలేమని కోర్టు చెప్పింది. ఆ ఒక్క విషయం సంస్థ పక్షాన తేలింది. పాతికేళ్ళ అధికారంలో తన తర్వాతి మనిషిని తయారుచేసుకోలేదన్న సంగతి కూడా దాంతోపాటే తేలింది. చివరికి బయటి నుంచి, డిస్నీల్యాండ్ మాజీ అధ్యక్షుడు మ్యాట్ విమెట్‌ను తెచ్చుకున్నారు. డెబ్బై దాటాక, 2012 జనవరిలో కింజెల్ దిగిపోయారు.

విమెట్ వచ్చి అద్భుతాలేమీ చేయలేదు. ఉన్న పార్కులకే హోటళ్ళు, మంచి తిండి, కుటుంబాలకు వీలైన వసతులు జోడించి పంపకాలు పెంచుకుంటూ పోయారు. ఆ ఆదాయంలో ముఖ్య భాగం ఎక్కడిది? కింజెల్ కొన్న పార్కులదే. కెనడాస్ వండర్‌ల్యాండ్, కింగ్స్ ఐలాండ్ సంస్థకు మూలస్తంభాలయ్యాయి. విమెట్ తర్వాత 2018లో సీఈవో అయి, సిక్స్ ఫ్లాగ్స్ విలీనం నడిపిన రిచర్డ్ జిమర్మన్ కూడా 2006 కొనుగోలులో కింగ్స్ డొమినియన్‌తోపాటు వచ్చిన మనిషే. ప్రధాన కార్యాలయం సైతం ఇప్పుడు షార్లెట్‌లో ఉంది. కొన్న సంస్థను కొనబడ్డ సంస్థ మింగినట్టయింది. కనుక పారామౌంట్ పార్కులు కొనడమే తప్పంటే నేను ఒప్పుకోను. సరుకు మంచిది. అప్పు కొలత తప్పు. జియాగా లేక్ విషయంలో సరుకూ తప్పే, కొలతా తప్పే. అపోలోకు అమ్మబోవడం అన్నిటికన్నా పెద్ద తప్పు. అది జరిగి ఉంటే మంచి సరుకు ఫలం కూడా వేరేవాళ్ళకు పోయేది.

కింజెల్ మంచి నిర్మాత, అంతకన్నా మంచి నిర్వాహకుడు. కొనుగోలుదారుగా అత్యాశపరుడు, అమ్మకందారుగా పిరికివాడు. 2003లో చైర్మన్ కుర్చీ కూడా అదే మనిషికి ఇచ్చి, ప్రశ్నించే గొంతు లేకుండా చేసుకున్న బోర్డుకు ఈ తప్పుల్లో సగం వాటా ఉంది.

ఇప్పుడు అదే సంస్థ మూడు రెట్లు అప్పుతో, కొత్త సీఈవోతో, లోపలికి వచ్చి కూర్చున్న ఇన్వెస్టర్లతో నిలబడి ఉంది. అమ్మకాలు, మూసివేతలు ఉంటాయి. మేరీల్యాండ్‌లోని సిక్స్ ఫ్లాగ్స్ అమెరికా 2025 నవంబరు 2న మూతపడింది. ఆ పార్కు మూత గురించి ముందే, మే నెలలోనే చెప్పారు. జియాగా లేక్ నుంచి అంత మాత్రం నేర్చుకున్నారు. అమెరికాలో ఉండి ఈ షేర్లు ఉన్న తెలుగువాళ్ళు, ఏ కంపెనీ షేర్లున్నా సరే, వాటాదారుల ఓటు కోసం వసంతంలో ఇంటికి వచ్చే ప్రాక్సీ కవరును చూడకుండా చెత్తబుట్టలో పడేస్తుంటారు. నా క్లయింట్లలో సగం మంది అంతే. 2010లో సీడర్ ఫెయిర్‌ను 11.50 డాలర్లకు పోనీయకుండా ఆపింది ఆ కాగితమే. ఈసారి కవరు వస్తే తెరిచి చదవండి, ఓటు వేసి పంపండి.